నాలుగో లెక్క

అమావాస్య దగ్గర పడితే ఉకెరెవే దీవిలో
పొద్దంతా సోలార్ దీపాలు ఎండకు పెడతారు.
చూపుడువేలంత చేప డగా,
చీకటి చిక్కబడితేనే వెలుగుకి మోసపోయి పైకొస్తుంది.

ఆ చీకటికే మెరుపూ వస్తుంది.

నాలుగు పడవలు, కేకేస్తే అందేంత దూరంలో.
మెరవగానే అందరూ లెక్క మొదలెడతారు,
ఉరుము వినగానే అంకె అరుస్తారు.
"ఏడు" అని ముగేత.
"ఎనిమిది" అని మసాలు.
"ఏడు దాటింది, ఎనిమిది కాలేదు" అని కసుబి,
ఎప్పుడూ అంతే వాడు.
అంకెలు తగ్గుతూ వస్తే వలలు లాగేస్తారు.

పోయిన మార్చిలో, వలలు సగంలో ఉండగా,
మూడు అంకెలే వినపడ్డాయి.
రెండు. ఒకటి. రెండు.
నాలుగో పడవ బుగింగోది.
వాడి లెక్క సున్నా.
సున్నాని ఎవరూ అరవలేరు.

సరస్సుకి ఈవల, మ్వాంజాలో,
ఫ్యాను కిర్రుమనే గదిలో న్యమిజి ఉద్యోగం.
ఆమెవీ నాలుగే, ఉపగ్రహాలు.
అవి ఉరుము వినవు, అంత ఎత్తున మోయడానికి గాలేదీ?
మెరుపు పుడుతూ రేడియోలో చేసే చిటుకు వింటాయి.
అదీ అయనోమండలం దాటేసరికి సాగిపోయి
ఈల అవుతుంది, పైస్వరం ముందు, కిందిస్వరం వెనక.
ఆ ఈలని మళ్లీ చిటుకుగా మడిచి
ఎవరు ముందు విన్నారు, ఎవరెంత వెనక అని
సెకనుని పదిలక్షల ముక్కలు చేసి అడుగుతుందామె.
ఒక్క ముక్క తప్పితే మూడువందల మీటర్లు తప్పు.

పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రమా అని మనవైపు వెక్కిరిస్తారు.
పడవకీ ఉపగ్రహానికీ ఒకటే లెక్క.
ఆ సంగతి కనిపెట్టింది న్యమిజి కాదు,
చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చిన ముగేత.

"మార్చి రాత్రి చూపించు."

పాత పటమైతే నీలం మీద తెల్లచుక్క, అంతే.
కొత్తదాన్ని ఆమె వేలితో పక్కకి తిప్పింది,
సరస్సు పలకలా పడుకుంది, దాని మీద మబ్బు లేచి నిలబడింది.
తొమ్మిది కిలోమీటర్ల పైన మొదటి చుక్క.
అక్కణ్ణించి మబ్బులోపలే పడమటికి,
చీకట్లో స్విచ్చి వెతికే చెయ్యిలా,
పద్నాలుగు కిలోమీటర్లు.
కొమ్మలు వేసింది, కొన్ని అక్కడే వదిలేసింది,
ఒక్కటి మాత్రం కిందికి.

"అంత దూరం నడిచొచ్చిందా" అన్నాడు.

అది నడవదని, దానికి ఎవరూ తెలీదని
చెప్పబోయి, కుర్చీ అతని వైపు జరిపింది.

"చుక్కలు ఒక్కసారిగా పెరిగితే
పావుగంట ముందు ఫోన్ చెయ్యగలనేమో."
"ఏమో ఎందుకు?"
"మీ వైపు సిగ్నల్ ఒక్క గీతే."

ఇప్పుడూ నాలుగు పడవలే వెళ్తున్నాయి.
బుగింగో స్థానంలో వాడి బావమరిది, పదహారేళ్లు,
భయానికి గబగబా లెక్కపెడతాడు.
"వాడు తొమ్మిదంటే ఏడనుకోవాలి" అన్నాడు ముగేత
చెప్పులు తొడుక్కుంటూ.
న్యమిజి నవ్వలేదు.
ఆమె మూడో ఉపగ్రహం గడియారం కూడా
కాస్త ముందుకే నడుస్తుంది.