చాటు

బ్రేమర్‌హాఫెన్‌లో, రేవు పక్క టికెట్ల ఆఫీసులో
గెజీనె హార్మ్స్ ఓడ పటం మీద వేలు పెట్టి
అంతస్తు తర్వాత అంతస్తు దిగుతూ వచ్చింది.
"ఇది వద్దు. పైవాళ్ళు రెయిలింగు మీద వాలితే
నా ఒళ్ళో పుస్తకం పేజీ నంబరు కూడా కనిపిస్తుంది.
ఇదీ వద్దు. ఓడ నడిపేవాళ్ళ గది
రెక్కలా బయటికి పొడుచుకొచ్చింది చూడు,
దుర్భిణి పట్టుకున్న కుర్రాడు
ఎప్పుడూ నీళ్ళకేసే చూస్తాడని ఏమిటి నమ్మకం?"
కౌంటర్ వెనక తోర్బెన్ పెన్సిలు నమిలాడు.
లోపలి గది తీసుకోండి, కిటికీ కూడా ఉండదు,
ఎవరూ చూడరు, చవక కూడా, అన్నాడు.

అతనికేం తెలుసు.
ఎడమ రొమ్ము తీసేసి పదహారు నెలలు.
డాక్టరు చూశాడు, నర్సు చూసింది,
ఒకసారి పొరపాటున చెల్లెలు చూసి
తువ్వాలు అందించి తలుపు వేసేసింది.
ఎండ ఒక్కటే ఇంకా చూడలేదు.
ఆమెకు కావలసింది అంతే:
ఎండా, ఆ కుట్టూ,
మధ్యలో ఎవరూ వద్దు.

చివరికి ఆరో అంతస్తులో ఒకటి దొరికింది.
పై బాల్కనీ చూరులా కప్పేస్తుందట.
మూడు వందల నలభై యూరోలు అదనం.

మన భాషలో ఓ వింత మాట ఉంది, చాటు.
దాక్కోవటానికీ అదే,
దండోరా వేసి చెప్పటానికీ అదే.
ఓడ బాల్కనీని కట్టినవాడికి
తెలుగు రాదు గానీ
అచ్చం ఆ మాటనే కట్టాడు.

పక్కగదికీ ఆమెకూ నడుమ మసక గాజు.
దాని అడుగున బెత్తెడు ఖాళీ.
ఆ సందులో ఊదారంగు సాక్సులు రెండు,
ఒకదానికి బొటనవేలి దగ్గర చిరుగు.
సాయంత్రం ఆ సాక్సులు దగ్గాయి,
ఫోనులో ఎవరితోనో
కుక్కకు మాత్రలు వెన్నలో పెట్టి ఇవ్వమని చెప్పాయి.
గోడలకు చెవులుంటాయని విన్నది గానీ
గాజుకు కాళ్ళుంటాయని ఆమెకు తెలియదు.
కోటు గుండీ మెడదాకా పెట్టుకుంది.

రెండో రోజంతా గాలి.

మూడో రోజు నార్వే.
కొండల మధ్య సన్నటి పాయలోకి
ఓడ ఊపిరి బిగబట్టి దూరింది.
ఎండ వచ్చింది. నీళ్ళ మీదుగా, ఏటవాలుగా,
చూరు కిందికి కూడా.
ఒక గుండీ. రెండో గుండీ.
మూడో దాని మీద చెయ్యి ఆగింది.

ఎదుటి వాలులో ఒక ఎర్ర ఇల్లు.
లోదుస్తుల్లో ఒక ముసలాయన తీగ మీద
దుప్పటి ఆరేస్తున్నాడు, నోట్లో క్లిప్పు.
తలెత్తాడు.
పన్నెండు అంతస్తుల మనుషులు,
కాఫీ కప్పులు, కెమెరాలు,
ఓ పిల్ల చెయ్యి ఊపింది కూడా.
ఆయన తిరిగి ఊపలేదు.
సగం ఆరేసిన దుప్పటిని అలాగే వదిలి
లోపలికి నడిచి కర్టెన్ లాగేశాడు.
తెల్లటి కర్టెన్, నీలం చారలు ఆరు.

ఆరు.
లెక్కపెట్టింది ఎవరు?
ఆమె ఒళ్ళో ఆమె దుర్భిణే ఉంది,
పక్షుల కోసమని తెచ్చుకున్నది.
పాపం, ఆయన ముందు ఎవరైనా పటం పరిచారా,
ఇది వద్దు, ఇదీ వద్దు అనటానికి?

దుర్భిణిని సంచిలో పెట్టి జిప్ లాగింది.
కుర్చీని బరబరా ఈడ్చి
ఒడ్డుకు వీపు పెట్టి కూర్చుంది.
ఎదురుగా తన గది అద్దం తలుపు.
అందులో కొండ, అందులో సముద్రం,
వాటి ముందు గెజీనె.
మూడో గుండీ తీసింది.
ఎండ అద్దానికి తగిలి, మళ్ళీ వచ్చి,
ఆ కుట్టు మీద పడింది, కొంచెం వణుకుతూ.
అడ్డంగా, పొడుగ్గా, లేత గులాబి రంగులో ఉంది.
అంత భయంకరంగా ఏమీ లేదు.

అప్పుడు గాలికి రెయిలింగు మీంచి జారి
ఊదారంగు సాక్సు ఒకటి
సందులోంచి ఇవతలికి వచ్చింది.
అవతల కుర్చీ కిర్రుమంది. ఆగింది.
ఆమె చొక్కా దగ్గరికి లాక్కోలేదు.
కాలి కొసతో దాన్ని మెల్లగా అవతలికి తోసింది.
కాసేపటికి మొహమాటంగా ఒక దగ్గు.