సాక

రిటైరైన నాడు కాంట్రాక్టరు చేతులవెట్టిన సీస
తొమ్మిదేండ్లు బీరువలనే ఉన్నది,
ఇస్త్రీ మడత విప్పని ఖాకీ బట్టల కింద.
నేను తాగను.
తాగిపిచ్చేటోళ్లను పట్టుకునుడే నా నౌకరి.

నిన్న పొద్దుగూకంగ తువ్వాలల సుట్టుకొని
చండూరు అవతల ఈదయ్య మండువకు పోయిన.
ఒగప్పుడు గదే తొవ్వల
కట్టెతోని ఆయన లొట్లు పగలగొట్టిన.
"ఏంది ఎక్సైజు సారూ, మల్ల కేసా?"
"కాదు, పట్టుబడ్డ మాలు" అన్న.
నవ్విండు. మంచం మీద జాగ ఇచ్చిండు.

అట్టపెట్టె మీదున్నది సదివి చెప్పిన:
ఏడనో ఒక దీవి. వాన ఎలవదంట.
వేల ఏండ్లు నాని నాని నాచు మన్నయితదంట.
ఆ మన్ను పెళ్లలు కోసి, ఎండవెట్టి, అంటువెట్టి
ఆ పొగల బార్లీ గింజలు ఆరవెడ్తరంట.
ఈదయ్య శానసేపు గమ్మునున్నడు.
"మన్ను కాలాల్నంటే అంత నానాల్నా సారూ?
మన దిక్కు నానకనే కాలవట్టె."

గిలాసల వేలెడు పోసిన. తాగలె.
దీపానికి అడ్డంవెట్టి సూసిండు,
ముక్కుకాడికి తెచ్చుకొని కండ్లు మూసుకుండు.
ఆ ముక్కు సంగతి నాకెరికే.
పది లొట్లు ఒక్క కుండల గుమ్మరిచ్చినా
గిది పోద్దాడు, గిది పరుపుదాడు,
గీ చెట్టు మొన్నటి వానకు తడిసింది అని
ఏరి చెప్పే ముక్కు.

"దవఖాన" అన్నడు.
మల్లోపారి పీల్చి,
"ఉస్మానియ. కాళ్లిరిగినోళ్ల వార్డు.
టింక్చరు. మాడిన బట్ట. ఎవలిదో కట్టు ఇప్పుతున్నరు."

మోకు తెగిన ఏడు ఆయన నాలుగు నెలలు పన్న మంచం
ఆ దీవిల మనుషులకు ఎట్ల తెలిసిందో.
కిందవెట్టు ఈదన్నా, అన్న.
వెట్టలె.
వార్డు దాటి బైటికొచ్చేదాక పీల్చుకుంటనే కూసుండు.

అప్పుడు ఒక్క చుక్క.
"ఉప్పు. సముద్రం నేను సూడలె గని గిట్లనే ఉంటదేమో.
దానెన్క... ఆగు, ఆగు...
గేగులు! తంపటేసిన గేగులు సారూ!
పైన పొట్టు మాడింది, లోపట పిండి తియ్యగున్నది."
నేనూ నాలుక తడిపిన. మంట తప్ప ఏం దొర్కలె.
ముప్పై ఏండ్లు వాసనల నేరమే ఎతికినోనికి
గేగులెక్కడ దొర్కుతయి.

నీళ్లచుక్క పడితే ఇచ్చుకుంటదంట, అన్న.
కోడలు చెంబు తెచ్చింది.
"నల్లా నీళ్లేనా బిడ్డా?
ఎన్కటి బోరు నీళ్లయితే దీని నడుము గూడ వంగుతది."
మూడు చుక్కలు.
పొగ జరంత పక్కకు జరిగింది.
పుట్టతేనె అన్నడు. పాత మోకు తోలు అన్నడు.
ఇంకొకటి ఉన్నది, పేరొస్తలేదన్నడు.

పద్దెనిమిదేండ్లు చెక్క పీపల ఉన్నదంటే నమ్మలె.
"పొద్దుగాల దించిన కల్లు మాపటికి ముసలిదయితది.
గింత ఓపిక దీనికి ఎవలు నేర్పిన్రు?"
ఊకెనే ఉండలేదు ఈదన్నా,
ఏటేటా ఇంత గాలిల కలిసిపోతదంట,
దేవదూతల వాటా అంటరంట దాన్ని.

గిలాస దించిండు ఈదయ్య.
"అయ్యో, సాక మరిచిపోతి!
మేం తాగేముందు ఒక్కపారి పోస్తం.
ఆళ్లు పద్దెనిమిదేండ్లు పోసిన్రు."
కుంటుకుంట లేసి, గోడవట్టుకొని వాకిట్లకు నడిసి
ఒక చుక్క ఇడిసిండు కాటమయ్యకు.
ఇంకో చుక్క ఇడిసి, నా దిక్కు సూడకనే,
"గిది నువ్వు పగలగొట్టిన లొట్లకు" అన్నడు.

మన్ను రెండిటినీ ఒక్క తీరుగనే తాగింది.
నేను తల వంచుకొని మూత బిగిచ్చిన.

పొద్దుగాల ఆరు కాకముందే ఫోను.
"సారూ, రాత్రి గిలాస కడగనియ్యలె కోడలిని.
ఉత్తదే, తడి గూడ లేదు.
ఇంకా ఉన్నది అండ్ల.
రా, నువ్వు గూడ సూద్దువు."