ఉప్పు తిన్న బండి

అవైరోలో ఉప్పు మడుల పక్కన షెడ్డు.
తలుపు కింది రేకుని గ్రసియెత్ వేలితో నొక్కితే
అప్పడంలా విరిగింది.

ముప్పై ఏళ్లు బస్తాలు మోసిన ప్యూజో.
తిన్న ఉప్పుకి బండి విశ్వాసంగానే ఉంది,
ఉప్పే ఉండలేదు.

"మొత్తం గీకి కొత్త రంగు కొట్టెయ్" అన్నాడు బెల్మీరో.
ఆమె జవాబివ్వలేదు.
లోపల్నుంచి, కుళ్లినంత మేరే కోసింది.
పైన తడిగుడ్డలు పరిచి
ఒక్క చుక్క వెల్డింగు,
ఆగి, జ్వరం చూసినట్టు అరచెయ్యి ఆనించి
మళ్లీ ఒక చుక్క.
మూడు వారాలు.
పాత లేతాకుపచ్చ ఎక్కడా పొక్కలేదు.

కిటికీ అంచున మాత్రం
జానెడు మేర రంగు లేదు, ప్రైమరు కనబడుతోంది.
"కనీసం అదైనా..."
"అది తుప్పు కాదు," అంది,
"మీ మోచెయ్యి."

అతను ఎక్కి కూర్చుని
చొక్కా చెయ్యి పైకి మడిచాడు.