సముద్రం ఇటు

కంచరపాలెం షెడ్డులో పొద్దున్నే
ఎల్లాజీ ఇండికాను కడుగుతున్నాడు.
మొదటి బకెట్టుకి ఎర్రనీళ్ళు దిగాయి.
"బళ్ళారిది" అన్నాడు పోలారావు.
"కాదు, మనదే. పోర్టు దుమ్ము" అన్నాను నేను.
పాత ఊళ్ళో పుట్టినదాన్ని.
కిటికీ చెక్క మీద వేలితో గీస్తే
ఇదే రంగు అంటేది,
అమ్మ ఆరేసిన తెల్ల లంగాలన్నీ
సాయంత్రానికి ఇనుము పట్టేవి.
హోస్పేట దగ్గర లారీల వెనక
అదే రంగు గాల్లోకి లేస్తే
ఎవరో తెలిసినవాళ్ళు ఎదురైనట్టు
అద్దం దించేశాను.
ముగ్గురూ తిట్టారు.

బయల్దేరింది పుష్యమాసపు చీకట్లో.
హీటరు పనిచెయ్యదని ఎల్లాజీ ముందే చెప్పాడు,
పనిచెయ్యనివి ఇంకా ఉన్నాయని చెప్పలేదు.
కేజీహెచ్‌లో రాత్రి డ్యూటీ సగంలో ఎవరికో అప్పజెప్పి
యూనిఫారం మీదే స్వెటరేసుకొచ్చింది కృపావరం,
ఒళ్ళో మాడుగుల హల్వా డబ్బా.
తుని దగ్గర మంచు.
రోడ్డు లేదు. ముందు లారీ ఎర్రదీపాలు రెండున్నాయి,
వాటినే నమ్ముకుని పోయాం.
నలుగురి ఊపిరికీ అద్దాలు తెల్లబడితే
కృపావరం తనవైపు అద్దం మీద వేలితో
"సముద్రం ఇటు" అని రాసి
ముందుకి ఒక బాణం గీసింది.
"ఎడంపక్కనే ఉంది కదే" అన్నాను.
"ఆ సముద్రం కాదు" అని నిద్రపోయింది,
గుంటూరు దాకా.

మా కోరిక చిన్నది.
సముద్రంలో పొద్దు మునగడం
నలుగురిలో ఎవరూ చూడలేదు.
మాకు పొద్దు పుట్టేది నీళ్ళల్లో,
పోయేది సింహాచలం కొండల వెనక్కి.
సాయంత్రం బీచిలో మూరీ మిక్చర్ తింటుంటే
మాకన్నా ముందు మా నీడలే
నీళ్ళలోకి దిగుతాయి.

కొప్పళ దగ్గర క్లచ్చి వైరు తెగింది.
సైకిలు బ్రేకు తీగతో ఎల్లాజీ ఏం చేశాడో
ఇప్పటికీ చెప్పడు.
మర్నాడు కార్వారులో దిగేసరికి ఐదున్నర.
టీ బడ్డీ ముందు బెంచీ మీద నలుగురం కూలబడి
కాళ్ళు చాపి, గ్లాసులు పట్టుకుని
పొద్దు వాలడం కోసం చూస్తున్నాం
కొండలవైపు.
ఎవరూ చెప్పలేదు అటు తిరగమని.
ఇరవై ఎనిమిదేళ్ళుగా మెడకున్న అలవాటు.
కొండ మీద పసుపు, తర్వాత నారింజ,
తర్వాత బూడిద.
"సూరీడేడ్రా?" అన్నాడు పోలారావు.
టీ పోసేవాడికి మా భాష రాదు,
మా వీపుల వెనక్కి గరిటె చూపించాడు.
గోరంత ఎరుపు మిగిలుంది.
గ్లాసు కింద పెట్టేలోపు అదీ పోయింది.

నవ్వీ నవ్వీ కృపావరానికి ఎక్కిళ్ళొచ్చాయి.
చివరి హల్వా ముక్క టీ అతనికే ఇచ్చాం.

పోలారావు మాత్రం నవ్వలేదు.
ప్యాంటు మడిచి నీళ్ళలోకి నడిచాడు
జాలారిపేట పిల్లాడు,
దోసిట్లోంచి నాలిక మీద వేసుకుని ఉమ్మాడు.
"మనదానికన్నా ఉప్పు.
గోదారి కలవలేదు దీన్లో."
ఆ రాత్రి లాడ్జిలో నిద్ర పట్టక
మంచం తలకిందులుగా తిప్పుకున్నాడు,
అల ఎడమచెవికి వినపడాలట.

రానూపోనూ రెండున్నర వేల కిలోమీటర్లు.
తిరిగొస్తుంటే తుని దగ్గర మళ్ళీ మంచు,
తుడిచిన అద్దం మీద ఆ రాతే మళ్ళీ తేలింది,
బాణం ముందుకే.
ఈసారి దాంతో ఎవరూ వాదించలేదు.

ఇప్పుడు నాలుగో బకెట్టు. నీళ్ళు తేటపడ్డాయి.
టీ గ్లాసుతో కారులో కూచున్న కృపావరం
తనవైపు అద్దం మీద హా అని ఊదింది.
ఉంది.
కారు ముక్కు గోడకి ఆనుకునుంది,
బాణం గోడని చూపిస్తోంది.
గోడవతల ఇనుపరాయి మోసే గూడ్సు
షెడ్డు రేకుల్ని వణికిస్తూ
పోర్టువైపు పోతోంది, ఎంతకీ తెగదు.
అది పోయేదాకా ఆగి
"ఎల్లాజీ" అంది,
"బండి తిప్పి పెట్టీరా."