కొలత నీళ్లు

తెల్లారగట్ల నాలుగింటికి
వంటింట్లో దీపం వెలిగింది.
అత్తగారు పెట్టాల్సిన సర్గీ పళ్లెం
మా అమ్మ పోయిననాటి నుంచీ
తృప్తా తనకి తనే వడ్డించుకుంటుంది:
పాలలో నానిన ఫేణీలు, ఒక మఠ్ఠీ, సగం దానిమ్మ.
ఆఖర్న నీళ్లు.
ఆ నీళ్లు మాత్రం తలుపు దగ్గరగా వేసి తాగింది,
చప్పుడు నాకు వినబడకూడదని.

వినబడింది.
దాహమున్నవాడికి గోడలుండవు.

మూత్రపిండాలు చేతులెత్తేసి రెండేళ్లు.
రోజుకి అర లీటరన్నాడు డాక్టరు,
పప్పులో నీళ్లూ, చాయ్‌లో నీళ్లూ అన్నీ అందులోనే.
లూధియానా హోజరీలో ముప్పై ఏళ్లు
నూలు తూచి పంపినవాణ్ణి,
ఇప్పుడు గుక్కలు తూచుకుంటున్నాను.
మా ఇంట్లో కుండ మేడమెట్ల కిందికి పోయింది.
గ్లాసులు అలమరలో దాక్కున్నాయి.
పోయినేడు ఈరోజున నేను ఐసీయూలో ఉంటే
నా ఫోటోకి మొక్కి ఉపవాసం విడిచిందట.
ఆవిడ నీళ్లు తాగుతుంటే చూసి
రెండేళ్లు.

ఇవాళ కరవా చౌత్.
ఇవాళే నా మంగళవారం కుర్చీ, ఆరో నంబరు మిషను.
గలీలో ఆడవాళ్లంతా గుండ్రంగా కూచుని
పళ్లేలు చేతులు మార్చుకుంటూ కథ చెప్పుకునే వేళకి
ఈవిడ ఆటోలో నా పక్కన ఉంది.
పెళ్లినాటి ఎర్ర దుపట్టా,
ఒళ్లో సంచి, సంచిలో నా రిపోర్టులు, నా స్వెట్టరు,
మట్టి కరవా, జల్లెడ.
గేటు దగ్గర సెక్యూరిటీవాడు
జల్లెడని అటూ ఇటూ తిప్పి చూసి
ఏమీ అనకుండా లోపల పెట్టేశాడు.

ఎడం చేతిలో రెండు సూదులు.
పొలం నుంచి వచ్చిన మనిషి
గడప బయట కాళ్లు కడుక్కున్నట్టు
నా రక్తం బయటికెళ్లి కడుక్కుని వస్తోంది.
ఆవిడ గోరింట చెయ్యి నా భుజమ్మీద.
పెదాలు ఎండి పొట్టు రేగాయి.
ఆ పెదాలు నాకు తెలుసు, అవి నావే.
"దాహంగా ఉందా?" అన్నాను.
ఇరవై తొమ్మిది చౌత్‌లు గడిచాయి, ఒక్కసారీ అడగలేదు.
అప్పట్లో నాకు దాహమంటే
గ్లాసు అందేదాకా పట్టే సమయం, అంతే.
"మీకో?" అంది.

ఎనిమిదిన్నరకి ఆసుపత్రి మేడమీద ఉన్నాం.
ఒక నర్సు, ఒక ఊడ్చే అమ్మాయి, మేమిద్దరం.
వరికొయ్యలు తగలబెట్టిన పొగ
ఊరినంతా మింగి కూచుంది.
చందమామ జాడ లేదు.
వార్డుబాయ్ గుర్‌మేజ్ నీళ్లట్యాంకు వెనక్కెళ్లి
మొబైల్ లైటు వెలిగించి
"ఆంటీ, వచ్చేశాడు!" అని అరిచాడు.
తృప్తా నవ్వింది.
"కథలో అన్నలూ ఇలాగే దీపం చూపించార్రా.
అది నమ్మి ముద్ద నోట్లో పెట్టుకుంది.
ఇంటికెళ్లేసరికి మొగుడు
ఒళ్లంతా సూదులతో పడి..."
అని ఆగిపోయి
నా చేతి కట్టు వైపు చూసింది.
గుర్‌మేజ్ లైటు ఆర్పేశాడు.

తొమ్మిదీ పదికి
చొక్కా మీద చాయ్ మరకలా ఒకటి తేలింది.
దాన్ని చూసింది జల్లెడలోంచి,
తర్వాత నన్ను.
నాలుగ్గంటలు మిషను వడకట్టిన మనిషిని
ఇంకొక్కసారి వడకట్టి చూసింది.
ఏం మిగిలిందో చెప్పలేదు.

ఇక నా వంతు.
కరవా వంచాను. ఒక్క గుక్క తాగి
మూతికి చెయ్యి అడ్డం పెట్టి "చాలు" అంది.
"చాలదు" అన్నాను.
"మీ ఎదురుగానా..."
"నా ఎదురుగానే. చప్పుడు చేస్తూ తాగు."

గుటక.
మెడ నరం ఒకటి లేచి పడింది.
ఇంకో గుటక.
ఎక్కడో ఎవరి పొలంలోకో
కాలవ గండి తెంచినట్టు.
పదకొండు లెక్కపెట్టాను.
కరవా ఖాళీ అయ్యాక
గడ్డం మీది చుక్కని వెనకచేత్తో తుడుచుకుంది.
నా నాలుక ఎప్పటిలాగే ఎండి ఉంది, అబద్ధమెందుకు.
కానీ కళ్లు నిండా తాగాయి.

ఇంటికొచ్చేసరికి కుండ ఇంకా మెట్ల కిందే ఉంది.
రేపు మళ్లీ వంటింట్లోకి తేవాలి.
ఎడం చేత్తో బరువెత్తకూడదన్నారు.
కుడిచేత్తో,
ఒక్కో గడప దగ్గరా ఆగుతూ
జరుపుతాను.