సెగ

ఫిబ్రవరి. మస్కట్‌ల చలి అంటే
అంగీకి పైగుండీ ఒక్కటి పెట్టుకునేంత.
గురువారం డ్యూటీ దిగి మిస్ఫా క్యాంపు కాడ
నలుగురు పట్టే టాక్సీల ఐదుగురం ఎక్కినం.
రాజం అత్తరు కొట్టుకున్నడు.
అత్తరు కింద సిమెంటు వాసన అట్లనే ఉన్నది.

అమెరాత్ పార్కు.
నల్లకొండల నడుమ ఎవలో
బల్బుల బస్తా బోర్లిచ్చినట్టు.
ఈ గేటు స్తంభాలు డిసెంబర్ల మేమే నిలబెట్టినం,
ఎడమ దానికి ఒక బోల్టు తక్కువ, నాకు తెలుసు.
అయినా రెండొందల బైసలు కట్టి
టికెటు చూపెట్టుకుంట, సుట్టం లెక్క, లోపటికి నడిచిన.

యెమెన్ తేనె
చెంచా కొసకు అద్ది నాలిక మీద పెడ్తరు,
కొనకున్నా ఏమనరు.
రాజం మూడు దుకాండ్లల్ల మూడుసార్లు కొనకుంట వచ్చిండు.
రాగి గంగాళంల హల్వా తిప్పెటాయన
మమ్ముల చూసి గరిటె ఆపలే, కనుబొమ్మ ఎగరేసిండు, అంతే.
సూరత్ చీరెల దుకాణపోడు
మమ్ముల చూసి కేక కూడ ఎయ్యలే.
రంగులరాట్నం మీద పిల్లల అరుపులు
కింద అరబ్బీల మొదలై
పైకి పోయినంక ఏ భాషా కాకుంట అయితున్నయి.
రాజం ఫోను తిప్పుకుంట "గిది చూడు, గిది చూడు" అంటాండు.
"అవన్ని ఎందుకు, నీ మొఖం చూపెట్టు" అంటాంది అవుతల ఆమె.

పెద్ద స్టేజీ మీద బీరూటు పాటగాడు.
కుర్చీకి ఇరవై రియాళ్లు.
కంచె అవుతల నిలబడి విన్నం,
పాట కంచె దాటుతాంటే ఆపేటోడు లేడు.

అప్పుడు తగిలింది వాసన.
తేనె కాదు, సాంబ్రాణి కాదు.
తోలు.
సెగకు ఎచ్చబడుతున్న తోలు.

నా కాళ్లు నన్ను అడుగకుంటనే మర్రినయి.

ఖర్జూరమట్టల మంట.
మంట సుట్టూ రెండు మొఖాల డోళ్లు,
సలికి ఒచ్చి కూసున్న పిల్లల లెక్క.
మా నాయిన మైసయ్య
తాటాకు మంట ముందట గిట్లనే గొంతుకూసునేటోడు.
పీనుగ లేస్తే పిలుపు, పెండ్లయితే పిలుపు.
డప్పు అందరికన్న ముందట, బువ్వ అందరు తిన్నంక.
పదోతరగతిల చెప్పిన, ఇగ నేను పట్టనని.
సిర్రా సిటికెనపుల్లా చూర్ల చెక్కిన.
నాయిన ఏమనలే.
కాచిన డప్పు సల్లారేదాక
దాని దిక్కే చూసుకుంట కూసున్నడు.

ఈడ డోలు కొట్టెటాయనకే ముందుగాల కాఫీ.
నడుముకు ఖంజరు పెట్టుకున్న పెద్దమనుషులు
లేచి, ముక్కుకు ముక్కు తాకిచ్చి పలుకరిస్తున్నరు.
నేను చూసిన. మళ్ల చూసిన.

ముసలాయన పేరు జుమా అట, సూర్ నుంచి వచ్చిండట.
డోలు ఒకటి నా చేతుల పెట్టి "పకడో" అన్నడు,
నీళ్లకో దేనికో లేచిపోయిండు.

ఎంత దగ్గర పట్టాలె,
ఎప్పుడు తిప్పాలె,
ఎవలు చెప్పలే.
తిప్పిన.
గోటితోని అంచు మీద తట్టిన. బొద్దుగ పలికింది.
ఇంక కావాలె.
ఇరవై రెండేండ్లాయె,
ఈ చేతులకు సలాకలు వంచుడు తప్ప
ఇంకేం రాదనుకుంటున్న.
మళ్ల తిప్పిన, మళ్ల తట్టిన.

కణ్.

ఆయన వచ్చి ఏలుతోని కొట్టి చూసిండు.
డోలు దిక్కు కాదు, నా దిక్కు చూసిండు.
"ఏ కంపెనీ?" అని అడిగిండు.
గంతే అడిగిండు.

తిరుగు టాక్సీల మళ్ల ఐదుగురం.
అత్తరు పోయి పొగ వాసన నాకు,
రాజానికి తేనె వాసన.
నా ఏళ్లు తలుపు రేకు మీద ఆడుతున్నయి,
ఏ దరువో నాకే తెల్వది.
"ఊకో ఓదెలూ, నిద్ర పడ్తలేదు" అన్నడు రాజం.
ఆపిన.
రేకు ఇంక సల్లగనే ఉన్నది.