పేరు పలకని కొండ

మా లోయకు తలుపు తూర్పున ఉంది.
సముద్రం గడప దాకా వచ్చి
ఏడాదిలో తొమ్మిది నెలలు
గడ్డకట్టి అక్కడే నిలబడిపోతుంది.

లోపలికి నడిస్తే ముందు గులకరాళ్లు,
ఆ తర్వాత ఏరు. ఒక్క ఏరు అనకూడదేమో,
విప్పిన జడలా ఏడెనిమిది పాయలు,
మంచు నమిలి ఉమ్మిన రాతిపిండితో
పలచని అంబలి రంగు.
ఇక్కడి అడవి నా చీలమండ దాటదు.
విల్లో చెట్ల మీదుగా నడిచి వెళ్తాం,
అదేం గొప్ప కాదు.

ఎడమ గోడ మీద మూడు శిఖరాలు.
మొదటిది బోర్లించిన పడవ.
రెండోది ఆడవాళ్ల చర్మం గీకే కత్తి, అంచు పైకి.
మూడోది ఎప్పుడూ మబ్బులోనే. దాని పేరు 'ఇంట్లో లేదు'.
కుడి గోడ నల్లన. దాని వెనక అంతా మంచు;
అంతు చూసినవాళ్లు మాలో లేరు,
చూడాల్సిన పనీ లేదు, అక్కడ సీల్‌లు దొరకవు.
గాలి మాత్రం అక్కణ్ణుంచే దిగుతుంది, పిటెరాక్.
అది రాబోయే ముందు కుక్కలు తోకల కింద ముక్కులు దాచుకుంటాయి,
మేం పడవల్లో రాళ్లు నింపుతాం.

లోయ కొసన, రెండు మంచు నాలుకలు కలిసేచోట,
ఒంటరిగా ఒక కొండ.
నవంబరులో పోయిన ఎండ
జనవరి చివర్లో మొదట తాకేది దాని కొమ్మునే,
బొటనవేలి గోరంత, పచ్చగా.
కింద మాకు ఇంకో పద్దెనిమిది రోజులు నీడే.

ఆ కొండ పేరు కునాక్.

నేను పుట్టకముందు ఒక వేసవిలో
ఓలుఫ్ అనే సర్వేయరు వచ్చాడు,
మూడు కాళ్ల ఇత్తడి కన్నుతో.
అమ్మమ్మ బిబియానె అతనికి ఎండుచేప పెట్టింది,
అతను ఆమెకు సూదులిచ్చాడు.
వేలు చూపి ఒక్కొక్కటీ అడిగాడు.
పడవ, అంది. కత్తి, అంది.
ఇంట్లో లేదు, అంటే నవ్వి రాసుకున్నాడు.
కొస కొండ దగ్గర మాత్రం
కుడుతున్న తోలు మీదికి తల వంచేసింది.

ఎలా చెబుతుంది?
ఆ వసంతంలోనే పలచని మంచు విరిగి
ఆమె తమ్ముడు కునాక్ స్లెడ్జితో సహా వెళ్లిపోయాడు.
పోయినవాడి పేరు నోట పలకం,
ఇంకో బిడ్డ ఆ పేరు ఎత్తుకునేదాకా.
పేరుకూ అలసట ఉంటుంది, పడుకోనివ్వాలి.
కాబట్టి ఆ ఏడు కొండకూ పేరు లేదు.
పిల్లలు దాన్ని 'అటుది' అన్నారు.
వేటగాళ్లు గడ్డం ఎత్తి చూపించారంతే.

ఓలుఫ్ రెండుసార్లు అడిగాడు. మూడోసారి
పెన్సిలు మొన నాలికకు తడిచేసుకుని రాశాడు:
పేరు లేదు. 1183.

ఆ డిసెంబరులో, కొవ్వుదీపం పక్కన, నేను.
అమ్మమ్మ నా పెదాలకు నీళ్లు అద్ది పేరు పలికింది.
బయటికెళ్లి, చీకట్లో, కనబడని కొండకూ వినిపించిందట.
ఆనాటి నుంచి నన్ను 'తమ్ముడూ' అనే పిలిచింది,
తోళ్లు నమిలి అరిగిన పళ్లతో, నాకు నాలుగేళ్లప్పుడు కూడా.
నా వాటా మాంసం ఎముకతోనే పెట్టేది, అతనికి అదిష్టమని.
పలచని మంచంటే నాకు భయం.
ఎందుకని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు ఆ మంచు నాలుకలు కలవడం లేదు.
రెండూ వెనక్కి జరిగి, మధ్యన
ఇంతవరకూ ఎవరూ తొక్కని తడి నేల బయటపడింది.
కొండ అదే, కాళ్లు ఎక్కువ కనిపిస్తున్నాయి.

బడి గోడ మీద ఓలుఫ్ పటం ఇంకా ఉంది.
పంతులమ్మ నా చేతికి కలమిచ్చి, తాతా, సరిచేయండి, అంది.
కాసేపు పట్టుకుని
తిరిగిచ్చేశాను.

దగ్గుతో రాత్రుళ్లు లేచి కూర్చుంటున్నాను ఈమధ్య.
ఇంకొన్నాళ్లకి ఎలాగూ ఆ పటం నిజమవుతుంది,
కొద్దికాలం పాటు.